గదే

డిసెంబర్ 22, సోమవారం

అమ్మకు ఈ రోజు కూడా మాట రాలేదు.

వాస్తవాలు రాస్తాను. పొద్దున ఇడ్లీ తిన్నది. కుడి చేయి లేవడం లేదు. కుడి కాలు దుప్పటి కింద కొద్దిగా కదిలింది. నేను చూశాను, నా భార్య శ్రీలత చూడలేదు. మూతి వంకర తగ్గింది. మనం చెప్పేది ఆమెకు అర్థమవుతోంది. డాక్టర్ చెప్పింది కూడా ఇదే: మాట అర్థమయ్యే చోటు బాగుంది, మాట పుట్టే చోటు దెబ్బతిన్నది. మొదటి మూడు నెలల్లో ఎంత వస్తే అంత, తర్వాత వచ్చేది తక్కువ. నెక్కొండలో దుకాణం షట్టర్ ఎత్తుతూ పడిపోయింది కార్తీక పౌర్ణమి మర్నాడు. అంటే గడువు సగం అయిపోయింది.

ఒక్క మాట మిగిలింది. గదే.

నీళ్లు తాగుతావా అంటే గదే. వద్దా అంటే గదే. నొప్పా అంటే గదే. తేజస్వి కాలేజీ నుంచి వచ్చి "నానమ్మా, నేనెవర్ని?" అని అడిగితే ముఖమంతా విప్పార్చి "గదే, గదే" అన్నది. నా కూతురు ఏడుస్తూ నవ్వింది.

"ఏది?" అని నేనడుగుతాను. ముప్పై ఏళ్లుగా నా పని అది. ఎవరు, ఏది, ఎక్కడ, ఎప్పుడు. అమ్మ కళ్లు చిట్లించి చూస్తుంది. "గదే" అంటుంది, అంత మాత్రం నీకు తెలియదా అన్నట్టు.

డెస్కు నుంచి ఫోన్. ముప్పై ఒకటో తేదీ పేజీకి జిల్లా సింహావలోకనం కావాలట. "పంచాయతీ ఎన్నికలు, పత్తి, మేడారం పనులు. నీకు చెప్పేదేముందన్నా, కళ్లు మూసుకొని రాస్తవు."

రాస్తాను.

డిసెంబర్ 24, బుధవారం

దీప వచ్చింది. స్పీచ్ థెరపిస్టు. రాజమండ్రి అమ్మాయి, హన్మకొండలో హాస్టల్లో ఉంటుంది. స్కూటీ దిగుతూనే చున్నీ సర్దుకొని చేతులు కడుక్కొని అమ్మ ముందు కూర్చుంటుంది. ఓపిక ఉంది.

"అమ్మమ్మా, ఈ బొమ్మ చూడండి. ఏంటిది? నేను మొదలుపెడతాను, మీరు పూర్తి చేయండి. బం..."

అమ్మ బొమ్మ చూసింది. నోరు తెరిచింది, మూసింది.

"బం... బంగా..."

"గ... గదే."

"గ దాకా వచ్చేశారు! ఇంకొక్కసారి. బం..."

అమ్మ దీప ముఖం చూసింది, నా ముఖం చూసింది. గోడవైపు తిరిగింది. ఆ తర్వాత ఎన్ని కార్డులు చూపించినా తిరగలేదు.

కార్డులు నేను తయారు చేసినవే. దీప మొదటి రోజే అడిగింది: "ఇంట్లో వస్తువుల బొమ్మలు అతికించి, కింద పేర్లు రాసివ్వండి సార్. ఆమె పలికే మాటలే కావాలి." మధ్యాహ్నమంతా కూర్చుని స్కెచ్ పెన్నుతో రాశాను. బంగాళాదుంప. చొక్కా. చెంచా. ఉల్లిపాయ. గిన్నె. వేరుశనగ. అక్షర దోషం ఒక్కటి లేదు. చేతిరాత బాగుందన్నది దీప.

శ్రీలత బడి నుంచి వచ్చింది. అర్ధసంవత్సర పరీక్షల పేపర్లు సంచి నిండా ఉన్నాయి. చెప్పులు విప్పకముందే అడిగింది.

"ఏమన్న అన్నదా?"

"లేదు."

"గదే గూడ అనలేదా?"

"గదే అన్నది."

"మరి అన్నదని చెప్పు. మనిషి అన్నది, నువ్వేమో లేదంటవు."

డిసెంబర్ 26, శుక్రవారం

పుస్తకం ఫైలు తెరిచాను.

"చిలుకమ్మ దుకాణం" అని పేరు పెట్టి ఆరేళ్లయింది. నెక్కొండ స్టేషన్ ఎదురుగా అమ్మ నడిపిన కిరాణం. నాన్న పోయాక ఒక్కతే నడిపింది. రైలు దిగినవాళ్లు ఉప్పు కోసం కాదు, ఆమె నోటి కోసం ఆగేవారు. ఆమె తిట్టిన తిట్టును ఇంటికి పట్టుకెళ్లి చెప్పుకొని నవ్వుకునేవారు. ఆ నోటి మీదే పుస్తకం. పోయినప్పుడల్లా ఎదురుగా కూర్చుని రాసుకున్నాను. ఫోన్ రికార్డు పెడితే నోరు తెరిచేది కాదు.

ఈ రోజు చదివాను. ఒకటి ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"బెల్లం రుచి చూస్తానంటూ పలుమార్లు తిన్న ఓ ప్రయాణికుడికి తాను సున్నితంగా నచ్చజెప్పానని, దాంతో అతను వెనుదిరిగాడని చిలుకమ్మ తెలిపారు."

సున్నితంగా.

ఆమె ఇది చెప్పిన రోజు నేను కుర్చీలోంచి జారి నవ్వాను. శ్రీలత వంటింట్లోంచి గరిటెతో వచ్చి నవ్వింది. ఏమన్నదో గుర్తులేదు.

మొత్తం ఇలాగే ఉంది. తెలిపారు. పేర్కొన్నారు. వివరించారు. కరువు నాటి సంగతి చెబుతూ ఆవేదన వ్యక్తం చేశారు. పేర్లున్నాయి, తేదీలున్నాయి, రైళ్ల వేళలు కూడా ఉన్నాయి. అమ్మ లేదు. చెవికి పోతాండు అని వినపడితే నా చేయి వెళ్తున్నాడు అని రాస్తుంది. ఊళ్ల నుంచి వచ్చే విలేకరుల కాపీలు దిద్ది దిద్ది అట్లా అయింది. అందులో నా తప్పేమీ లేదు. పత్రికకు ఒక భాష ఉండాలి.

మాట పోతుందని ఎవరనుకుంటారు. మళ్లీ అడిగితే చెబుతుందిలే అనుకున్నాను.

డిసెంబర్ 28, ఆదివారం

గదే. మిగతా ఏమీ లేదు.

డిసెంబర్ 31, బుధవారం

జిల్లా ఏడాది మొత్తాన్ని మొన్ననే పంపేశాను. పేజీ బాగుందని ఎడిషన్ ఇన్‌చార్జి మెసేజ్ పెట్టాడు. ఇక నాది.

ఏటా చివరి రోజు పాత లక్ష్యాలు తీసి చూసుకోవడం అలవాటు. ఈ ఏడాది మొదటి పేజీలో ఉన్నది: పుస్తకం పూర్తి చేయాలి. నిరుటి డైరీలో ఉన్నది: పుస్తకం పూర్తి చేయాలి. అంతకు ముందు ఏడు: ఈసారి తప్పక. షుగర్ తగ్గించుకోవాలని రాశాను, తగ్గలేదు. పొద్దున నడవాలని రాశాను, వడ్డేపల్లి చెరువు దాకా కొన్నాళ్లు నడిచాను. నెల నెలా నెక్కొండ పోయి అమ్మ దగ్గర ఒక రోజుండాలని రాశాను. పోయాను కానీ రోజు ఉండలేదు. మధ్యాహ్నం రైలుకే తిరిగి వచ్చేవాణ్ని. ఆఫీసు ఉండేది. నిజంగానే ఉండేది.

ఒక లక్ష్యం పక్కన టిక్కు ఉంది: బీరువా సర్దాలి.

వచ్చే ఏటికి రాయడానికి కూర్చున్నాను. మొదట పుస్తకం అని రాశాను. కొట్టేశాను. అమ్మకు మాట రావాలి అని రాశాను. దాని కింద మళ్లీ పుస్తకం అని రాశాను. చూస్తే రెండూ ఒకటే అనిపించింది. అమ్మకు మాట వస్తే పుస్తకం వస్తుంది. దాని కోసమే ఆమెకు మాట రావాలని కాదు. రెండూ ఒకటేనని మాత్రమే రాస్తున్నాను.

బయట వాకిట్లో శ్రీలత, తేజస్వి రంగుల ముగ్గు వేస్తున్నారు. పక్కింటివాళ్ల ముగ్గు పెద్దదని ఇద్దరికీ కోపం.

జనవరి 1, గురువారం

తేజస్వి ఫోన్‌లో అమ్మ గొంతు దొరికింది. వాట్సాప్‌లో పంపిన వాయిస్. ఎప్పటిదో, పరీక్షల నాటిది.

"ఏందే తేజమ్మా, ఫోనెత్తవు? పరీచ్చలా? తిను ముందుగాల. తినకుంట రాత్తె గవ్వి అచ్చరాలు గావు, ఉత్త గీతలే."

అంతే. ముగ్గురం మళ్లీ మళ్లీ విన్నాం. పక్క గదిలోంచి అమ్మ "గదే" అన్నది. తన గొంతు విన్నదేమో. తేజస్వి ఫోన్ పట్టుకొని లోపలికి పోబోతే శ్రీలత ఆపింది. "వద్దు బిడ్డా. అప్పటిది ఇనిపిస్తే ఆమెకెట్లుంటది?"

నేను ఫైలు తెరిచి ఎక్కించుకుంటున్నాను. తేజస్వి భుజం మీదుగా చూసింది.

"డాడీ, నానమ్మ 'తినకుండా' అనలే."

చూశాను. తినకుండా రాస్తే అవి అక్షరాలు కావు అని ఉంది. చెవిలో ఆమె గొంతు ఆడుతుండగానే.

"ఇంకా ఎన్ని ఉన్నాయమ్మా, ఇలాంటివి?"

"ఇదొక్కటే. పాత ఫోన్‌తోని అన్నీ పోయినయి. ఎప్పటికుంటదనుకున్న డాడీ నానమ్మ."

జనవరి 4, ఆదివారం

జనవరి కదా, రోజూ ఏదో ఒక సంఘం డైరీ ఆవిష్కరణ. శాలువా, ఫొటో, నాకో డైరీ. ఇప్పుడు రాస్తున్నది విద్యుత్ ఉద్యోగులది. ప్రతి పేజీ కింద ఒక సూచన ఉంది. ఈ రోజుది: తడి చేతులతో స్విచ్ ముట్టరాదు.

దీప ముఖంలో నమ్మకం తగ్గింది. "పేర్లు చెప్పించడంలో ఇంత మొండిగా ఎవరూ లేరు సార్. ఏదో ఒకటి రావాలి ఈపాటికి." అమ్మ కార్డులు చూడగానే కళ్లు మూసుకుంటోంది.

డాక్టర్‌కు ఫోన్ చేశాను. కొందరికి రాదు అన్నాడు. మామూలుగానే అన్నాడు. నేను ఎంతమంది తల్లులకు ఇట్లా మామూలుగా ఫోన్ చేసి ఉంటాను, చనిపోయిన పిల్లవాడి పాస్‌పోర్ట్ సైజు ఫొటో ఉందా అని.

జనవరి 6, మంగళవారం

రాజమల్లన్న వచ్చాడు. నెక్కొండలో మా దుకాణం పక్కనే ఆయన చాయ్ హోటల్. అమ్మను అక్కా అంటాడు. రైలు దిగి ఆటో ఎక్కి, చేతిలో బత్తాయిల సంచితో వచ్చాడు.

"ఏమక్కా, గిట్ల పండుకుంటె ఎట్ల? నువ్వు లేకపాయె, ఇగ మా టేషన్ల రైలాగుడే దండుగ."

అమ్మ నవ్వింది. సగం ముఖంతో. "గదే!"

"గదే మరి! నువ్వు లేవు, నన్ను తిట్టేటోళ్లు లేరు. మా ఇంటిది తిడతది గని గా తిట్లు తిట్లేనా, నీళ్ల చాయ్ లెక్క."

నేను అడిగాను. ఆపుకోలేకపోయాను. "రాజమల్లన్నా, అప్పట్ల బెల్లం తినుకుంట నిలబడ్డాయన్ని అవ్వ ఏమన్నదో యాదికున్నదా?"

"యాదికి లేకేంది! నేను ఆణ్ణే ఉన్న గద. ఏమన్నదంటే..." అని ఆగాడు. నవ్వు మొదలైంది. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "అబ్బబ్బ... ఏమన్నదిరా... చీమలని ఏదో అన్నది. 'నిన్ను జూసి చీమలు...' కాదు కాదు. 'చీమలన్న సిగ్గు...' అదీ కాదు. ఎహె! కడుపుల పేగులు తెగినయిరా గా పొద్దు."

"గదే!" అమ్మ అన్నది. మంచం మీద ఎడమ చేత్తో కొట్టింది. "గదే! గదే!"

ఆమెకు గుర్తుంది. ఆ వాక్యం ఆమె తలలో చెక్కుచెదరకుండా ఉంది. ఇద్దరం మంచం మీదికి వంగాం. ఆమె పెదాలు చీ అన్నట్టు సాగాయి, వణికాయి. రాజమల్లన్న నోరు కూడా ఆమెతో పాటు సాగింది. నా చేతిలో పెన్ను ఉంది. ఎప్పుడు తీశానో తెలియదు.

"గదే" అన్నది చివరికి. చాలా మెల్లగా. కళ్ల నీళ్లు చెవుల్లోకి జారాయి.

రాజమల్లన్న బత్తాయి ఒలుస్తూ కూర్చున్నాడు. ఒలిచి పెట్టాడు, ఎవరూ తినలేదు. పోయేటప్పుడు గేటు దగ్గర అన్నాడు: "నన్ను ఇంకోపారి గసొంటియి అడగకు తమ్మీ. ఆమెకేం గాని, నాకు పానం ఆగుతలేదు."

జనవరి 7, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సాయంత్రం శ్రీలత అమ్మ గదిలోనే కూర్చుని కూరగాయలు తరుగుతోంది. తేజస్విని కేకేసింది: "ఆలుగడ్డలు గూడ పట్కరావే." అమ్మ తల తిప్పింది. నోరు తెరుచుకున్నది. "ఆ..." అని వచ్చింది. గాలి కాదు, అక్షరం.

శ్రీలత కత్తిపీట పక్కకు జరిపింది. "అత్తమ్మా, ఏందది? ఆ...?"

"ఆ... ఆ..."

శ్రీలత లేచి అల్మరాలోంచి కార్డులు తీసింది. ఇన్నాళ్లూ ఆమె బడిలో ఉన్న వేళకే దీప వచ్చేది. ఒక్కొక్కటి చూసి మంచం మీద పేర్చింది. నన్ను పిలిచింది.

"బంగాళాదుంప. ఎవల కోసం రాసినవు ఇది?"

ఇంకో కార్డు ఎత్తింది.

"చొక్కా. మీ అవ్వ ఎన్నడన్న చొక్కా అన్నదా? అంగి అంటది. ఉల్లిపాయనట, వేరుశనగనట. నలభై ఏండ్లు పల్లికాయ జోకి అమ్మిన మనిషి ముందట వేరుశనగ! పేషెంటుకు రాసినవా, మీ ఎడిటర్‌కు రాసినవా?"

"దీప అందరికీ అర్థమయ్యేట్టు..."

"దీపమ్మ ఇంట్ల మాటలడిగింది. నాకు గూడ ఫోన్ల చెప్పింది. ఆ పిల్లకేం ఎరుక మనం ఏమంటమో? బం, బం అనుకుంట ఆ పిల్ల, ఏందో తెల్వక ఈమె. తన నోట్ల లేని మాట ఎట్లస్తదయ్యా?"

మంచం మీద కార్డులు వరుసగా ఉన్నాయి. గుండ్రటి అక్షరాలు. అమ్మ వాటివైపు చూడలేదు. శ్రీలతనే చూస్తోంది.

జనవరి 8, గురువారం

శ్రీలత కొత్త కార్డులు రాసింది. నన్ను ముట్టుకోనివ్వలేదు.

దీపకు చెప్పాను. కొంచెంసేపు కార్డులు తిప్పి చూసింది. "సార్, నేను ముందే అడిగాను కదా" అన్నది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"అమ్మమ్మా, ఆ..."

"ఆ... ఆలు... గడ్డ."

తేజస్వి అరిచింది. దీప చప్పట్లు కొట్టింది. అమ్మ తన నోటిని తానే ముట్టుకొని చూసుకున్నది, ఇక్కడి నుంచేనా అన్నట్టు. తర్వాత అంగి వచ్చింది. గిన్నె బొమ్మకు సర్వ రాలేదు. పల్లికాయ సగం వచ్చింది.

నా వల్ల పోయిన రోజులు లెక్కపెట్టలేదు. ఒక అంకె నాకు అక్కర్లేదనిపించడం ఇదే మొదలు.

జనవరి 10, శనివారం

చాయ్. బిడ్డ. అగో. మజ్జిగ గ్లాసు చూసి సల్ల. ఒక్కొక్కటే వస్తున్నాయి, ఒకదానికొకటి అతకడం లేదు. మిగతాదంతా గదే.

ఫైలులో కొత్త పేజీ తెరిచాను. ఈసారి ఆమె అన్నది అన్నట్టే ఎక్కిస్తాను.

జనవరి 11, ఆదివారం

శ్రీలత, తేజస్వి చౌరస్తాకు పోయారు. ఇంట్లో అమ్మ, నేను. మంచి అవకాశం అనుకున్నాను. అదే మాట అనుకున్నాను, అందుకే రాస్తున్నాను.

కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. అమ్మ నన్ను చూసి "గదే" అన్నది. గట్టిగా. కళ్లు పెద్దవి చేసి.

"బెల్లం ఆయన సంగతా?"

"గదే."

"చీ... చీమలు... చెప్పవే అవ్వా. చీ..."

"గదే! గదే!"

"నాన్న సంగతా? కరువా? దుకాణం కొత్తగ పెట్టిన రోజా?" ఒకదాని తర్వాత ఒకటి అడిగాను. ఆమె తల అటూ ఇటూ కొట్టింది. చేయి దుప్పటిని పీకుతోంది. ఏదో పెద్దది చెప్పబోతోంది అనుకున్నాను. రాసుకుంటూ అడిగాను. "అగో" అన్నది. "అగో అంటే? ఎవరు, ఎవరొచ్చారు?" అరిచింది, అర్థం లేని అరుపు. ఏడ్చింది. నేను వదల్లేదు. పాతికేళ్లకు పైగా మంత్రుల్ని వదలనివాణ్ని.

గేటు చప్పుడైంది. శ్రీలత సంచులు గుమ్మంలోనే పడేసి లోపలికి వచ్చింది. ఒక్కసారి అమ్మ ముఖం చూసి దుప్పటి తీసింది.

తడిసిపోయి ఉంది. ఎప్పటి నుంచో. పక్కబట్ట చల్లబడింది.

శ్రీలత నన్ను బకెట్ తెమ్మన్నది. తెచ్చాను. బట్టలు మార్చేటప్పుడు అమ్మ కళ్లు గట్టిగా మూసుకున్నది. కొడుకు ముందు. నేను బయటికి వచ్చాను.

తర్వాత శ్రీలత అన్నది: "ఇది ఇల్లు. ప్రెస్‌మీట్ గాదు."

జనవరి 13, మంగళవారం

మేడారం పోయి వచ్చాను. ములుగు దాటాక రోడ్డు పనులు, గద్దెల దగ్గర రాతి పనులు, తాగునీళ్లు. వార్త పంపాను.

వచ్చే వారం పోయినా సరిపోయేది.

జనవరి 16, శుక్రవారం

అమ్మ మాట్లాడింది. పూర్తి వాక్యం.

పొద్దున పది దాటాక నేను ఆమె గోళ్లు తీస్తున్నాను. గదిలో ఎవరూ లేరు. ఏమీ అడగలేదు. దానంతట అదే వచ్చింది.

నీళ్లు కావాలన్నది.

మాట వినపడి శ్రీలత తలుపు దగ్గరికి వచ్చింది. "మాట్లాడిందా? ఏమన్నది?" చెప్పాను. "నీళ్లు కావాలె అన్నది." శ్రీలత అత్తమ్మ నుదుటి మీద ముద్దు పెట్టుకున్నది. నా పెళ్లయిన ఇన్నేళ్లలో చూడని దృశ్యం. తేజస్వి అందరికీ ఫోన్లు చేసింది. రాజమల్లన్న ఫోన్‌లోనే ఏడ్చాడు. "ఇగ ఫికర్ లేదురా, రేపు మాపు నన్ను తిడతది సూడు."

దీపకు నేనే చెప్పాను. చాలా మంచి గుర్తు అన్నది. "ఆ మాట మీదే పని చేద్దాం సార్. గంట గంటకూ గ్లాసు చూపించి అడగండి. మళ్లీ అనిపించండి."

అందరూ సంతోషంగా ఉన్నారు. నేనూ ఉన్నాను.

జనవరి 17, శనివారం

పొద్దుటి నుంచి నీళ్లు.

శ్రీలత గ్లాసు పట్టుకొని "నీ... నీళ్లు..." అంటుంది. అమ్మ పెదాలు బిగిస్తుంది. తేజస్వి గ్లాసు బొమ్మ గీసి కార్డు చేసింది. అమ్మ చూడదు. దీప వచ్చి చెంచాతో తాగించింది. రెండు గుటకలు మింగి మిగతాది గడ్డం మీదుగా వదిలేసింది. "నిన్ననే అడిగిండ్రట కదా అమ్మమ్మా" అని దీప మా యాస పట్టి నవ్వించబోయింది.

ఎవరు గ్లాసు పెట్టినా అమ్మ నావైపే చూస్తోంది. గ్లాసు వైపు కాదు, పెట్టినవాళ్ల వైపు కాదు.

సాయంత్రం ఎడమ చేత్తో గ్లాసు నెట్టేసింది. స్టీలు గ్లాసు. గదంతా దొర్లింది.

శ్రీలత నేల తుడుస్తూ తలెత్తకుండా అడిగింది: "నిన్న నిజంగ ఏమన్నది?"

"నీళ్లే."

జనవరి 18, ఆదివారం

సవరణ.

ఈ నెల 16వ తేదీన రాసిన దానిలో తప్పు ఉంది. పొరపాటున దొర్లింది కాదు. చిలుకమ్మ నీళ్లు కావాలని అనలేదు.

గోళ్లు తీస్తుంటే అవ్వ నా చేయి పట్టుకున్నది. ఒక్కో మాట దూరం నుంచి మోసుకొచ్చి దించినట్టు అన్నది.

"సావన్న... అస్తలేదు... కొడుకా."

ఇన్నేళ్లుగా ఆమె మాట ఒక్కటైనా అచ్చంగా నాకు కావాలనుకున్నాను. వచ్చింది. దిద్దడానికి ఒక్క అక్షరం లేదు. నేను ఆమె చేయి విడిపించుకొని చిటికెన వేలి గోరు కూడా తీశాను. అప్పుడే శ్రీలత తలుపు దగ్గరికి వచ్చింది. నీళ్లు అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఉద్యోగంలో వార్తకు ఒక్క మాట కల్పించి ఎరగను.

ఈ పొద్దున శ్రీలతకు చెప్పాను. ఆమె పొయ్యి ఆర్పేసి అక్కడే నిలబడిపోయింది.

"ఆమె సస్తనంటాంటె మనం నిన్నంత నీళ్లు తాగిపిచ్చినమా?"

"ఔ."

"నాకన్న చెప్పకపోతివి. ఆమె పక్కల కూసుందును గద." కొంగుతో ముఖం తుడుచుకున్నది. "దీపమ్మకు చెయ్యి ఫోను. ఇప్పుడే."

దీప మొత్తం విన్నది. తర్వాత అన్నది: "ఇది ముందు చెప్పాల్సిన మాట సార్. పక్షవాతం వచ్చినవాళ్లకు మనసు అలా కుంగిపోవడం ఉంటుంది. దానికి మందులున్నాయి, తగ్గుతుంది. రేపే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆమె ఎలా అన్నారో అలాగే చెప్పండి." ఆగి మళ్లీ అన్నది. "అలాగే చెప్తారు కదా సార్?"

చెప్తానన్నాను.

అవ్వ దగ్గరికి పోయాను. శ్రీలత మంచం మీద ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నది. పెన్ను తీసుకెళ్లలేదు. ఇది తర్వాత రాస్తున్నాను, విన్నది విన్నట్టే.

"అవ్వా, నువ్వన్నది నేను అందరికి తప్పు చెప్పిన. నీళ్లడిగినవని చెప్పిన."

అవ్వ చూసింది. ఆ చూపుకు విశేషణం రాయను.

"రేపు దవాఖానకు పోదాం. గీ బాధకు గూడ మందున్నదట. గంతే గని, గసొంటి మాట ఇంకోపారి అనకే."

నోరు కదిలింది. చాలాసేపు పట్టింది. నేను మొదటి అక్షరం అందివ్వలేదు. శ్రీలత కూడా అందివ్వలేదు.

"అంట" అన్నది.

నేను ఎప్పటిలాగే విన్నాను. ఎవరో అన్నారంట, ఏదో జరిగిందంట. నా చెవికి ఆ అంట ఒక్కటే తెలుసు, అంటాను అనే అంట కాదు. "ఎవరంట? ఏమంట?" అని అడగడానికి నోరు కూడా తెరిచాను.

అవ్వ ఎడమ చేయి ఎత్తి తన రొమ్ము మీద పెట్టుకున్నది.

"నే... నంట."